హతసాక్షులును తడబడినవారును

పండుగనాటి సంచికలలో మన పూర్వులను కీర్తించుట మనకు ఆచారము. కోరంగి రేవునుండియు, మద్రాసు రేవునుండియు ఓడలెక్కి, గిరిమిటు కాగితముపై బొటనవ్రేలి ముద్ర వేసి, చెరకుతోటలలో ఎండకును వానకును ఓర్చి, తమ దైవమును మాత్రము విడువని ఆ పెద్దలను తలచుకొనుట ధర్మమే. మారీషసులో సింహాద్రి అప్పన్న దీపము ఆరక నిలిచినది వారివలననే. నేటాలులోను గయానాలోను అమ్మవారి పూజ నేటికిని సాగుచున్నది వారివలననే.

అయితే ప్రతి వంశమునందును మరియొక శాఖ కలదు. ఆ శాఖను గూర్చి పండుగనాడు ఎవరును మాటాడరు. బడిపంతులు ఉద్యోగము కొరకు బాప్తిస్మము పుచ్చుకొన్న తాతగారు, పేరు మార్చుకొన్న పెదనాన్నగారు, దొరల కంటబడునేమో యని అమ్మవారి పటమును పెట్టె అడుగున దాచిన నాయనమ్మ, వీరును మన పూర్వులే. నేడు నార్త్ యార్క్‌లో ఒకే యింటి అన్నదమ్ములలో ఒకరు ఆదివారమునాడు అమ్మవారి గుడికి పోవుచుండగా మరియొకరు చర్చికి పోవుట మనము చూచుచున్నాము. పెండ్లికిని చావునకును ఇరువురును కలిసికొందురు. ఆ పాత సంగతి మాత్రము ఎత్తరు.

నిలిచినవారిని పొగడుట సులభము. తడబడినవారిని ఏమనవలెను? వారికి తీర్పు తీర్చు అధికారము ఎవరిది? వారిని క్షమించినచో నిలిచినవారి త్యాగమునకు విలువ తగ్గదా? ఈ వ్యాసమునందు విచారింపదలచిన ప్రశ్న ఇదియే.

ఈ ప్రశ్న లోకమునకు క్రొత్తది కాదు. క్రీస్తుశకము తొలి శతాబ్దులలో రోమను సామ్రాజ్యమునందలి క్రైస్తవులు దీనిని ప్రాణములు పణముగా పెట్టి విచారించిరి. ఆ విచారమును నేటికిని మరువక నిలుపుకొన్నవి తూర్పుదేశపు ఆర్థడాక్సు సంఘములు. వారు మనకు దూరపువారు కారు. నార్త్ యార్క్‌లోనే, హాల్‌క్రౌన్ ప్లేస్‌లో, అర్మేనియనుల సమాజ కేంద్రమును సెయింట్ మేరీ ఆలయమును కలవు. ఈజిప్టుదేశపు కోప్టులకు ఉత్తర అమెరికాలో మొట్టమొదటి సంఘము 1964లో టొరంటోలో ఏర్పడిన సెయింట్ మార్కు సంఘము. కోప్టుల పంచాంగము క్రీ.శ. 284తో మొదలగును. అది తమవారిని మిక్కిలి హింసించిన డయొక్లీషియను చక్రవర్తి గద్దెనెక్కిన సంవత్సరము. దానిని వారు హతసాక్షుల శకమందురు. సెప్టెంబరులో వచ్చు తమ సంవత్సరాదినాడు వారు ఎఱ్ఱని ఖర్జూరపుపండ్లు తిందురు. పండుపై యెఱుపు హతసాక్షుల నెత్తురునకును, లోపలి తెలుపు వారి హృదయశుద్ధికిని, గట్టి గింజ వారి విశ్వాసమునకును గుర్తులని పిల్లలకు చెప్పుదురు. ఉగాది పచ్చడిలోని ఆరు రుచులకు మనము అర్థము చెప్పుకొనుట వంటిదే యిది.

సాక్షి యను మాట

తెలుగు క్రైస్తవులు 'హతసాక్షి' యను మాటను చక్కగా కూర్చుకొనిరి. దానికి మూలమైన గ్రీకు మాట 'మార్తుస్'. న్యాయస్థానమునందు నిలిచి తాను ఎరిగినదానిని చెప్పువాడని దాని అర్థము. చంపబడుట అను భావము ఆ మాటలో మొదట లేదు. సాక్షి చావును కోరడు. అడిగినప్పుడు అబద్ధమాడడు, అంతియే.

రోమను ప్రభుత్వము అడిగినదేమి? క్రీ.శ. 112 ప్రాంతమున బితూనియ దేశమును పాలించిన ప్లినీ యను అధికారి ట్రాజను చక్రవర్తికి వ్రాసిన లేఖ నేటికిని నిలిచియున్నది. క్రైస్తవులని పట్టి తేబడినవారిని అతడు మూడుమారులు ప్రశ్నించెను. పట్టు విడువనివారిని శిక్షకు పంపెను. కాదన్నవారు చక్రవర్తి ప్రతిమ యెదుట సాంబ్రాణియు ద్రాక్షారసమును అర్పించి క్రీస్తును దూషించినచో విడిచిపెట్టెను. చిటికెడు సాంబ్రాణితో పని ముగియును. మనసులో ఏమి నమ్మినను ప్రభుత్వమునకు అక్కరలేదు, చేయి కదలిన చాలును. పరీక్షయందలి కష్టము ఆ సులభత్వమునందే యున్నది. ఘోరమైన పని చేయుమన్నప్పుడు ఎదిరించుటకు మనసు దానంతట అదియే లేచును. చిన్నపని చేసి యింటికి పొమ్మన్నప్పుడు, వెనుక భార్యాబిడ్డలు ఏడ్చుచుండగా, కాదనుట మిక్కిలి కష్టము.

రెండవ శతాబ్ది నడుమ స్ముర్న పట్టణపు వృద్ధ బిషప్పు పొలికార్పు అట్లు కాదనెను. తాను 86 ఏండ్లుగా సేవించిన ప్రభువును దూషింపజాలనని చెప్పి అగ్నికి ఆహుతి యయ్యెను. ఈ భాగము అందరును ఎరిగినదే. అయితే ఆయన మరణవృత్తాంతమును వ్రాసి పంపిన స్ముర్న సంఘము అందులోనే క్వింతుస్ అనువాని కథను గూడ చెప్పెను. అతడు తనంతట తానే ముందుకు పోయి పట్టుబడెను, ఇతరులను గూడ ప్రేరేపించెను. క్రూరమృగములను చూచినంతనే ధైర్యము చెడి సాంబ్రాణి వేసెను. కావున తమంతట తాము పోయి పట్టుబడువారిని మెచ్చుకొనజాలమని ఆ సంఘము తేల్చి చెప్పెను. పొలికార్పు మొదట పట్టణము విడిచి పల్లెలో దాగెను, పట్టుబడిన పిమ్మట నిలిచెను. ఈ రెండింటియందును ఆ సంఘము దోషము చూడలేదు.

లియోను నగరమున

మన ప్రశ్నకు అతి సమీపమైన కథ క్రీ.శ. 177లో, నేటి ఫ్రాన్సులోని లియోను నగరమున జరిగినది. ఆ సంఘమునందు చాలమంది ఆసియా మైనరు నుండి వలసవచ్చినవారు. పెర్గము నుండి వచ్చిన అత్తలుస్, ఫ్రుగియ నుండి వచ్చిన వైద్యుడు అలెగ్జాండరు అట్టివారే. వారిలో బానిసలును ఉండిరి. పరదేశమున పరభాష నడుమ బ్రదుకువారి కష్టము ఎట్టిదో మన కుటుంబములకు చెప్పవలసిన పనిలేదు. ఊరివారు మొదట వారిని స్నానశాలలనుండియు అంగడినుండియు వెలివేసిరి, పిమ్మట రాళ్లు రువ్విరి, చివరకు అధికారులకు అప్పగించిరి. అప్పటి చక్రవర్తి మార్కస్ ఔరేలియస్. ధర్మచింతనపై గ్రంథము వ్రాసిన తత్త్వవేత్తగా లోకము నేటికిని ఆయనను గౌరవించుచున్నది. హింస దుష్టుల చేతనే జరుగునని తలచుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

90 ఏండ్లు దాటిన బిషప్పు పొతీనస్ దెబ్బలు తిని చెరలోనే మరణించెను. బ్లాండీనా యను బానిసపిల్ల యొడలు బలహీనము. ఆమె నిలువజాలదేమో యని ఆమె యజమానురాలే భయపడెను. ఆ యజమానురాలును విశ్వాసియే, ఆమెయు పట్టుబడినదే. తెల్లవారినది మొదలు చీకటిపడు వరకు వంతులు మార్చుకొని హింసించినవారు తుదకు తామే అలసిపోయిరి గాని బ్లాండీనా మాట మార్చలేదు. లోకము లెక్కకు తీసికొనని దాసి యొకతె ఆనాడు అందరికిని ధైర్యము చెప్పు తల్లియయ్యెను.

అయితే మొదటి దినములలోనే దాదాపు 10 మంది తడబడి విశ్వాసమును కాదనిరి. అక్కడి సంఘము ఆసియా, ఫ్రుగియ దేశముల సంఘములకు వ్రాసిన లేఖ ఈ సంగతిని దాచలేదు. కాదన్నవారికి మేలును కలుగలేదు, వారిని నేరస్థులని చెప్పి ఆ చెరలోనే ఉంచిరి. ఇప్పుడు నిలిచినవారును తడబడినవారును ఒకే చీకటికొట్టులో ఉండిరి. నిలిచినవారు తడబడినవారిని ఎగతాళి చేసియుండవచ్చును. వారట్లు చేయలేదు. వారికొరకు కన్నీరు విడిచి, తల్లివలె ఆదరించి, ఎవరిని గూర్చియు నేరము పలుకలేదు. తమనెవరైన హతసాక్షులని పిలిచినచో, ఆ పేరునకు తామింకను తగమని వారించిరి. ఆ తడబడినవారిలో బిబ్లిస్ అను స్త్రీ యొకతె ఉండెను. తోడివారిమీద అబద్ధపు నేరములు చెప్పించుటకై ఆమెను మరల హింసింపగా, ఆ హింసలోనే నిద్రనుండి మేల్కొన్నట్లు తెలివి తెచ్చుకొని తాను క్రైస్తవురాలనని చెప్పెను. తడబడినవారిలో పెక్కుమంది అట్లే తిరిగి వచ్చిరి. వారిని తిరిగి రప్పించినది నిందకాదు. చీకటికొట్టులో పక్కన కూర్చుండినవారి ప్రేమయే వారిని రప్పించెను.

ధ్రువపత్రములు

క్రీ.శ. 250లో డెసియస్ చక్రవర్తి సామ్రాజ్యమందలి ప్రజలందరును దేవతలకు బలి అర్పించి, అట్లు అర్పించినట్లు అధికారి సంతకముతో పత్రము పొందవలెనని శాసించెను. ఆనాటి పత్రములు 40కి పైగా ఈజిప్టు ఇసుకలో దొరకినవి. కొందరు బలి అర్పించిరి. కొందరు బలి అర్పింపక లంచమిచ్చి పత్రము కొనిరి. కొందరు పారిపోయిరి. కొందరు చెరలలో మరణించిరి. గాలివాన తగ్గిన పిమ్మట, బలి అర్పించినవారు కన్నీటితో తిరిగివచ్చి సంఘద్వారమున నిలిచిరి. అప్పుడు సంఘము రెండుగా చీలెను.

రోములో నొవేషియను అను పెద్ద, వీరికి ద్వారము తెరువరాదనెను. పరిశుద్ధుల సంఘమునందు ద్రోహులకు చోటు లేదని అతని వాదము. కార్తేజి నగరపు బిషప్పు సిప్రియను నడిమి మార్గము చూపెను. తడబడినవారు పశ్చాత్తాపపడి దీర్ఘకాలము ప్రాయశ్చిత్తము చేయవలెను, పిమ్మట వారిని చేర్చుకొనవలెను. సిప్రియను తాను గూడ 250లో దాగినవాడే, ఆ నింద ఆయనను వెంటాడెను. ఎనిమిదేండ్లకు, 258లో, మరల పరీక్ష వచ్చినప్పుడు ఆయన నిలిచి శిరచ్ఛేదము పొందెను.

అలెగ్జాండ్రియ బిషప్పు దియొనీసియస్ తన లేఖలో సెరాపియోను అను ముసలివాని కథ వ్రాసెను. అతడు చిరకాలము నిందలేక బ్రదికి, పరీక్షాకాలమున బలి అర్పించెను. ఎంత వేడినను ఎవరును అతనిని చేర్చుకొనలేదు. మరణశయ్యపై మూడు దినములు మాటలేక పడియుండి, తెలివి రాగానే మనుమని పిలిచి, గురువును తీసికొనిరమ్మనెను. అది రాత్రివేళ, గురువునకును జబ్బుగా నుండెను. ఆయన రాజాలక, పవిత్ర భోజనములోని తునక నొకదానిని బాలుని చేతికిచ్చి, తడిపి తాతగారి నోటిలో వేయుమని చెప్పి పంపెను. తాత దానిని మ్రింగి, శాంతముగా కన్నుమూసెను. సంఘము అంతవరకు ఆ ముసలివానిని చేర్చుకొనలేదు. అయినను రాత్రివేళ తాతకొరకు వీధిలో పరుగెత్తిన ఆ పసివానిని ఆపవలెనని ఆ గురువునకు తోచలేదు.

క్రీ.శ. 306లో, డయొక్లీషియను మొదలిడిన హింస ఇంకను సాగుచుండగనే, అలెగ్జాండ్రియ బిషప్పు పేతురు తడబడినవారి ప్రాయశ్చిత్తమును గూర్చి నియమములు వ్రాసెను. ఘోరహింసలకు లోనై ఓడిపోయినవారికి, వారప్పటికే అనుభవించిన దుఃఖము చాలునని చెప్పి, మరి 40 దినములు మాత్రము విధించెను. చెరలో ఉండి ఓడిపోయినవారికి ఒక యేడు. ధనమిచ్చి తప్పించుకొన్నవారిలోను, పారిపోయి దాగినవారిలోను ఆయన దోషము చూడలేదు. కొందరు యజమానులు తాము తప్పించుకొని, తమకు మారుగా బానిసలను పంపి బలి అర్పింపజేసిరి. దీనికి పేతురు ఇచ్చిన తీర్పును కూలివారి సంతతియైన మనము మరువరాదు. లోబడిన బానిసకు ఒక యేడు ప్రాయశ్చిత్తము, పంపిన యజమానికి మూడేండ్లు. ఇట్టి దయగల తూనికను చేతబట్టిన పేతురు తాను మాత్రము 311లో తల యొగ్గి హతసాక్షి యయ్యెను.

గడ్డకట్టిన చెరువు

ఈ సంప్రదాయమునందు కఠినమైన కథలును కలవు. వానిని దాచుట న్యాయము కాదు. క్రీ.శ. 320లో లిసీనియస్ పాలనలో, చిన్న అర్మేనియాలోని సెబాస్తె నగరమున 40 మంది సైనికులను బట్టలు విప్పి గడ్డకట్టిన చెరువుపై రాత్రియంతయు నిలిపిరి. ఒడ్డున వేడినీటి స్నానశాలను తెరచియుంచిరి. విశ్వాసమును కాదన్నవాడు లోపలికి పోవచ్చును. ఒకడు ఓర్వజాలక పరుగెత్తి, స్నానశాల చేరి అక్కడనే మరణించెను. అది చూచిన కావలివాడొకడు బట్టలు విడిచి ఆ ఖాళీస్థానమున నిలిచెను. సంఖ్య మరల 40 అయ్యెను. మార్చి 9న గ్రీకు, రష్యను మున్నగు సంఘములు వీరి పండుగ జరుపును.

పరుగెత్తినవాడు ఏమి పొందెను? కథ అతనికి ఓదార్పు చూపదు. అయితే ఈ దృశ్యమును చిత్రించు పటములను చూడుడు. మంచుపై నిలిచినవారి తలలపైకి కిరీటములు దిగుచుండును. ఒక మూలన స్నానశాల గుమ్మములోనికి పోవుచున్నవాడును చాల పటములలో కనబడును. చిత్రకారులు అతనిని చెరిపివేయలేదు. ఆ పటము యెదుట దీపము పెట్టువారికి, తాను ఏ స్థానమున ఉండెదనో ముందుగా ఎవరును ఎరుగరని అది గుర్తుచేయును.

ఆ సెబాస్తెయే నేటి తుర్కీదేశపు సివాస్. 1915 వరకు అక్కడ అర్మేనియనులు పెక్కుమంది నివసించిరి. ఆ యేట మొదలైన మారణకాండలో ప్రాణములు కోల్పోయినవారిని అర్మేనియను సంఘము 2015 ఏప్రిల్ 23న పునీతులుగా ప్రకటించెను. ఆ కాలముననే ఎందరో స్త్రీలును పిల్లలును మతము మార్చబడి, పేరు మార్చబడి, పరుల యిండ్లలో బ్రదికిరి. వారి మనుమలు కొందరు ఇటీవలి కాలమున తమ నాయనమ్మ ఎవరో తెలిసికొనిరి. హాల్‌క్రౌన్ ప్లేస్‌లోని మన పొరుగువారికిని ఇది గతించిన ప్రశ్న కాదు.

ఒంటరి నిచ్చెన

క్రీ.శ. 325లో నైసియా మహాసభ కూడెను. దానికి వచ్చినవారిలో హింసాకాలమున కన్ను పోగొట్టుకొన్న పఫ్నూషియస్ వంటివారు ఉండిరి. అట్టివారు కూర్చుండిన ఆ సభ తడబడినవారికి ద్వారము మూయలేదు. బలవంతము లేకయే విశ్వాసమును కాదన్నవారికి సైతము, 12 ఏండ్ల ప్రాయశ్చిత్తము పిమ్మట ద్వారము తెరచెను. దేహమున గాయములున్నవారే క్షమకు ఒప్పుకొనుట గమనింపదగినది.

నొవేషియను మార్గమును అనుసరించు అకేసియస్ అను బిషప్పును గూడ కాన్‌స్టంటైను చక్రవర్తి పిలిపించెనని చరిత్రకారుడు సోక్రటీసు వ్రాసెను. సభ నిర్ణయములలో తప్పేమియు లేదని ఒప్పుకొనియు తడబడినవారితో కలియజాలనని అతడు చెప్పగా, అయినచో నిచ్చెన వేసికొని స్వర్గమునకు నీవొక్కడవే ఎక్కుమని చక్రవర్తి చమత్కరించెనట.

ఈ నిచ్చెనను గూర్చి మనవారును ఎరుగుదురు. హింసకు లోనైన భక్తుడనగానే తెలుగువారికి స్ఫురించువాడు ప్రహ్లాదుడు. ఏనుగులు, పాములు, అగ్ని, విషము, అన్నిటికిని అతడు నిలిచెను. భాగవతము సప్తమస్కంధమున నృసింహుని యెదుట అతడు ఏమి కోరెను? మునులు తమ ముక్తికొరకు ఏకాంతమున తపస్సు చేయుదురనియు, తాను మాత్రము ఈ దీనులను విడిచి ఒక్కడే ముక్తి పొందగోరననియు చెప్పెను. తన్ను హింసించిన తండ్రికి శుద్ధి కలుగవలెనని వరమడిగెను. ఒంటరి నిచ్చెనను అతడు వలదనెను. లియోను చెరలోని వారును, మన ప్రహ్లాదుడును, ఒకరినొకరు ఎరుగక ఒకే మాట పలికిరి.

తోటలలోని పరీక్ష

ఇక మన పూర్వుల వైపు తిరుగుదము. ట్రూరో ఓడ మద్రాసునుండి 1860 నవంబరు 16న డర్బను చేరెను. గయానాకు మద్రాసు ఓడలు 1845లోనే మొదలైనవి. తోటలలో సింహములు లేవు. తుపాకులు మాత్రము కొన్నిమారులు పేలినవి. ట్రినిడాడులో 1884 అక్టోబరు 30న, హిందువులును ముస్లిములును కలిసి నడచిన మొహర్రము ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరుపగా కనీసము 16 మంది మరణించిరి. కాని సాధారణముగా వచ్చిన పరీక్ష అట్టిది కాదు. అది చిటికెడు సాంబ్రాణి వంటిది.

గయానాలోను ట్రినిడాడులోను బడులు చాలభాగము చర్చిల చేతిలో నుండెను. కెనడాలోని నోవాస్కోషియా నుండి వచ్చిన జాన్ మోర్టను 1868లో ట్రినిడాడులో కెనడా ప్రెస్బిటేరియను మిషనును మొదలిడెను. ఎవరును పట్టించుకొనని కూలివారి బిడ్డలకు ఆ బడులు అక్షరములు నేర్పినవి, ఆ మేలును మరువరాదు. అయితే ఉపాధ్యాయ పదవికి బాప్తిస్మము పెక్కుచోట్ల త్రోవయైనదనుటయు నిజము. చట్టము గూడ వారికి అనుకూలముగా లేదు. 1913లో కేపు న్యాయమూర్తి సెర్లు, క్రైస్తవ విధిని జరుగని వివాహములు చెల్లవని తీర్పు చెప్పగా, దక్షిణాఫ్రికాలో మన స్త్రీలు చెరలకు పోయిరి. 1914లో చట్టము మారెను. ట్రినిడాడులో హిందూవివాహమును గుర్తించు చట్టము 1945లో గాని రాలేదు. అంతవరకు నమోదు లేని పెండ్లికి పుట్టిన బిడ్డలు చట్టము దృష్టిలో తండ్రిలేని బిడ్డలు. అట్టి తండ్రి తన బిడ్డలకొరకు చర్చిలో సంతకము పెట్టినచో అతనిని ఏమనవలెను?

ఇచట ఒక భేదమును స్పష్టముగా చెప్పుకొనవలెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తడబడినవాడు కాడు. మనస్సాక్షి చెప్పగా మారినవారు ఎందరో కలరు. ఊరిలో అంటరానివారని త్రోసివేయబడినవారికి క్రీస్తునందు మానము దొరకినది. ఒంగోలు ప్రాంతమున 1876–78 కరవులో జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని పుచ్చుకొని వేలమందికి కూలి కల్పించెను. అన్నము కొరకు మతము మారిరను మాట రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మములు ఆపివేసెను. పిమ్మట, 1878 జూలై 3న, ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. నెల్లూరు నుండి 1903లో నేటాలుకు పోయిన జాన్ రంగయ్యగారు అచటి తెలుగు కూలివారి నడుమ కీర్‌స్నీలో బాప్తిస్టు సంఘము స్థాపించిరి. ఆయన వెళ్లకమునుపే కూలికి పోయిన తెలుగు క్రైస్తవులు అచట ఉండిరి. వారును తమ విశ్వాసమును మూటగట్టుకొని సముద్రము దాటినవారే. ఇష్టముతో నమ్మినవానిని వంగినవాడనుట మరియొక విధమైన హింస.

మరియొక చేదు నిజమును చెప్పుకొనవలెను. గయానాలో మద్రాసీల అమ్మవారి పూజను మోటదనియు, అనాగరికమనియు చిన్నచూపు చూచినవారిలో దొరలు మాత్రమే లేరు. సాటి హిందువులును ఉండిరి. క్రైస్తవుల చరిత్రయు ఇంతకంటె మెరుగు కాదు. 313లో కాన్‌స్టంటైనును లిసీనియస్‌ను కలిసి వారికి స్వేచ్ఛనిచ్చిరి. 380లో థియొడోషియస్ కాలమున వారి మతమే రాజమతమయ్యెను. 391 నాటికి పాత దేవతల బలులు నిషిద్ధములయ్యెను. చిటికెడు సాంబ్రాణి వేయనందుకు చచ్చినవారి సంతతి, సాంబ్రాణి వేసినవారిని శిక్షింపసాగెను. ఈ రోగము ఏ మతమునకును ప్రత్యేకము కాదు.

రెండు ధర్మములు

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. తడబడినవారిని క్షమించినచో నిలిచినవారి విలువ తగ్గదా? తగ్గునని నిలిచినవారు అనుకొనలేదు. వారు నిలిచినది తాము నమ్మిన సత్యము కొరకే గాని, ఇతరులకంటె మిన్న యనిపించుకొనుటకు కాదు. నిలుకడ పోటీపందెము కాదు గనుక రెండవవాని ఓటమి దానికి అవసరము లేదు. అయితే క్షమ యనగా జరిగినది జరుగలేదనుట కూడ కాదు. సెరాపియోను చేసిన పనిని దియొనీసియస్ దాచలేదు. పేతురు ప్రతిదానికిని ఒక గడువు పెట్టెను. తప్పును తప్పని చెప్పుట, మనిషిని మాత్రము విడువకుండుట, ఇవి రెండును కలిసి నడచుట వారు చూపిన మార్గము.

కావున మనకు రెండు ధర్మములు కలవు. నిలిచినవారిని నిజముగా గౌరవించుట మొదటిది. అది ఏటికొకమారు పూలమాల వేయుటతో తీరదు. 2015 ఫిబ్రవరిలో లిబియాలో 21 మంది కూలివారిని విశ్వాసము కొరకు చంపిరి. 20 మంది ఈజిప్టు కోప్టులు, ఒకడు ఘానా దేశస్థుడు. పొట్టకూటికై పరదేశము పోయినవారు, మన తాతలవంటివారు. కోప్టు సంఘము కొలది దినములలోనే వారిని హతసాక్షుల జాబితాలో చేర్చెను. వారిలో ఇరువురు సోదరులను కోల్పోయిన ఒకడు టెలివిజనులో హంతకుల కన్నులు తెరచుకొనవలెనని ప్రార్థించెను. పేదకూలివాని మాటకును సాక్ష్యబలము కలదని మన బిడ్డలు ఎరుగవలెను.

తడబడినవారిని తిరిగి మన లెక్కలో చేర్చుకొనుట రెండవది. వంశవృక్షము వ్రాయునప్పుడు పేరు మార్చుకొన్న తాతగారి రెండు పేర్లును వ్రాయుదము. ఆయన ఏ చట్టము క్రింద, ఏ ఉద్యోగము కొరకు, ఎందరు బిడ్డలను పోషించుటకు అట్లు చేసెనో పెద్దలు జీవించియుండగనే అడిగి తెలిసికొందము. పెట్టె అడుగున దాగిన పటమును బయటికి తీసి, ఆ దాచుటయు ఒక విధమైన సాక్ష్యమని చెప్పుదము. తీర్పు చెప్పకతప్పనిచో, పేతురు తూనికనే వాడుదము. లోబడినవానికి ఒక యేడు, లోబరచినవానికి మూడేండ్లు.

ఈ విచారమునుండి మనయింటికే వర్తించు మాట ఒకటి కలదు. నేడు నార్త్ యార్క్‌లో ఎవరును మనలను సాంబ్రాణి వేయుమని అడుగుట లేదు. అయితే మనము మాత్రము మన బిడ్డలను అడుగుచున్నాము. వేరు కులమువారిని, వేరు మతమువారిని పెండ్లాడినచో గుమ్మము త్రొక్కవలదని చెప్పు తండ్రి, తనకు తెలియకయే ఆ పాత న్యాయపీఠముపై కూర్చుండినవాడగును. పరీక్ష పెట్టువారు ఎల్లప్పుడును తాము ధర్మమును రక్షించుచున్నామనియే తలచుదురు. మార్కస్ ఔరేలియస్ కూడ అట్లే తలచెను.

మన పూర్వులలో నిలిచినవారి ధైర్యము మన బిడ్డలకు కలుగుగాక. తడబడినవారిపై వారికి దయ కలుగుగాక. వారు ఏ దైవమును కొలిచినను ఆ దైవము యొద్దకు ఒంటరి నిచ్చెనపై గాక, అన్నదమ్ములు చేయి చేయి పట్టుకొని పోవుదురుగాక.

స్వస్తి.